అక్క పడవకు నీళ్ల పంపు

వరంగల్‌లో పడవ ఇంజనుకు పంపు కావాలని దుకాణం దుకాణం తిరిగిన మనిషిని నేనొక్కదాన్నేనేమో. మొదటి దుకాణంలో విననట్టు నటించారు. రెండో దుకాణంలో నవ్వారు. మూడో దుకాణంలో కుర్చీలో వెనక్కి వాలి పళ్లు కుట్టుకుంటున్న ఆయన, "పడవా? ఈడ బోర్లల్ల నీళ్లు లేక సస్తుంటే పడవేంది చెల్లె?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బోర్ల సంగతి నేనడిగిన్నా? పంపు ఉందా, లేదా, ఒక్కటి చెప్పు," అన్నాను. లేదు.

నేను చేసేది పంపుసెట్ల రిపేరే. స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి, నర్సంపేట వైపు నుంచి రైతులు ఆటోల్లో మోటార్లు వేసుకొని మా దుకాణానికి వస్తారు. మా నాన్న నేర్పిన పని ఇది, ఆయన పోయాక నేను వదల్లేదు. ఆడమనిషి చేతికి మోటారు ఇచ్చుడేందని గొణిగినవాళ్లే ఇప్పుడు "చెల్లె, జర జల్ది చెయ్యరాదు, నాట్లున్నయ్" అని బతిమాలతారు. కాబట్టి పంపంటే నాకు భయం లేదు. కాకపోతే నాకు తెలిసిన పంపులన్నీ నేలమీద కూర్చొని చేలకు నీళ్లు తోడేవి. ఇప్పుడు కావలసింది పడవలో ఇంజనుకు అంటిపెట్టుకొని ఉండి, ఏటి నీళ్లు లాగి, వాటిని ఇంజను చుట్టూ తిప్పి, వేడిని మోయించి మళ్లీ ఏట్లోకి పారబోయించే పంపు. అది ఆగితే ఇంజను మాడిపోతుంది. ఆ పంపు మా అక్క పడవలో కారుతోంది.

మా అక్కను ఏటూరునాగారం అవతల, గోదావరి ఒడ్డున ఇచ్చారు. బావది పడవ. నదిమీద వంతెన ఉంది గానీ, వాళ్ల రేవు నుంచి దాని దాకా పోయి చుట్టి రావాలంటే పూటంతా దారిలోనే గడుస్తుంది. అందుకని మిరప తోటలకు పోయే కూలీలు, సంతకు వచ్చేవాళ్లు ఇప్పటికీ పడవే ఎక్కుతారు. పడవలో ఉన్న ఇంజను ఒకప్పుడు కోస్తాలో ఏదో లాంచీని నడిపింది. బావ దాన్ని ముసలిదయ్యాక తెచ్చి బిగించుకున్నాడు. మా వైపు మెకానిక్కులకు దాని ముఖం కూడా తెలియదు.

ఆ రేవుకొక కట్టుబాటు ఉంది. ఏ ఇంటి పడవ ఎప్పుడు దాటాలో వంతులున్నాయి. సంతరోజు తొలి వంతు బావవాళ్ల ఇంటిది, తాతల నాటి నుంచీ. సంతరోజు పొద్దున ఆ పడవ ఆవలి ఒడ్డుకు దాటి తీరాలి. దాటలేకపోతే వంతు పక్కవాళ్లకు పోతుంది, ఇక తిరిగి రాదు. తొలి వంతు పోయిన పడవకు చేపలు పట్టుకోవడం తప్ప వేరే బతుకు ఉండదు. షుగర్ వల్ల బావ చూపు దాదాపు పోయింది. ఇక చుక్కాని పట్టొద్దని రేవు పెద్దమనిషి చెప్పాడు. అది న్యాయమే, జనం ప్రాణాలతో ఆటలేంటి? అయితే చుక్కాని నేను పడతానంది మా అక్క. అప్పటి నుంచీ ఆ ఇంట్లో పొయ్యి రాజుకోకముందే లొల్లి రాజుకుంటోంది.

బావకు ఇష్టం లేదు. "ఆడిదాని పడవ ఎవలెక్కుతరే? నలుగుట్ల నవ్వులపాలైతం. వంతు పాలోనికి ఇచ్చేద్దాం, పీడ పోతది," అంటాడు. పాలోడంటే ఆయన చిన్నాన్న కొడుకు. కొత్త పడవ కొనుక్కొని, ఆ తొలి వంతు కోసం కొంగలా కాచుకొని ఉన్నాడు. అక్క మాత్రం తలకాయ అడ్డంగా ఊపింది. పెళ్లయినప్పటి నుంచీ ఆ పడవలో బావ పక్కన నిలబడి తాళ్లు విసిరింది, గడ వేసింది, జ్వరాలొచ్చినప్పుడు ఎవరికీ చెప్పకుండా చుక్కానీ పట్టింది. తనది కానిదేదో అడుక్కుంటున్నట్టు మాట్లాడితే ఆమెకు ఒళ్లు మండదా?

సరిగ్గా అలాంటప్పుడు పంపు కారడం మొదలుపెట్టింది. అక్క వీడియో కాల్ చేసి చూపించింది. పంపు మెడ కింద నుంచి ఒక్కొక్క చుక్క రాలుతోంది. "సంత దగ్గరికొచ్చింది. నువ్వొస్తవా, రావా? ఒక్క మాట చెప్పు," అంది. "కొత్త పంపు పట్టుకొని వస్త. అందాంక ఇంజను ముట్టకుండ్రి," అన్నాను.

ఆ దుకాణాలన్నీ తిరిగాక చివరికి పాత ఇనుప సామాను అమ్మే ఒక పెద్దాయన దగ్గర దారి దొరికింది. ఆయన మా నాన్నకు దోస్తు. అక్క దారంతో కొలిచి పంపిన కొలతలూ ఫోటోలూ చూసి, "ఫికర్ చెయ్యకు బేటీ, కాకినాడల మనోడొకడున్నడు," అని అక్కడికక్కడే ఫోన్ చేశాడు. పార్సిల్ బస్సులో పంపు వచ్చేసరికి సంతకు ముందురోజు తెల్లవారింది. తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకొని ములుగు మీదుగా పోయే బస్సెక్కాను. అడవి దారిలో పక్కనున్న అవ్వ మూటకేసి చూసి చూసి, "ఏ దేవుడు బిడ్డా?" అని అడిగింది. నీళ్ల పంపని చెబితే నమ్మలేదు. దిగేటప్పుడు మూటకు దండం పెట్టింది.

రేవుకు చేరేసరికి బావ గట్టుమీద హుషారుగా కూర్చొని ఉన్నాడు. నేను పలకరించగానే గొంతు గుర్తుపట్టి, "ఏం మరదలా, ఆలస్యం జేస్తివి గదా! నీ పంపు నువ్వే పట్టుకపో. లీకు బంద్ జేసిన," అన్నాడు.

"ఎట్ల జేసినవ్ బావా?"

"దిక్కుమాలిన బొక్కుండె దానికింద. ముద్ద పెట్టిన. ఒక్క సుక్క కారుతలేదు సూసుకో. నిన్న మీ అక్క దారి చెప్తాంటె నేనే ఖాళీ పడవ తోలిన, రెండు మాట్ల ఆవలికి పోయొచ్చినం."

అక్క మూతి బిగబట్టి నన్ను పడవలోకి తీసుకుపోయింది.

మా వైపు పైపు పగిలినా, ట్యాంకు చిల్లుపడినా, మోటారు బాడీ నెర్రెలిచ్చినా ఒకటే మందు. రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి మెత్తడం. ప్రతి చేను దగ్గరా, ప్రతి ఇంట్లో తలుపు వెనకా ఆ ముద్ద ఉంటుంది. బావ కూడా ఆ మందే వేశాడు. కానీ పంపు మెడ కింద ఉన్నది చిల్లు కాదు, చేసినవాళ్లు కావాలని పెట్టిన రంధ్రం. పంపు ఇరుసుకు రెండు సీళ్లుంటాయి. ఒకటి నీళ్లను ఆపేది, ఇంకొకటి ఇంజనాయిలును ఆపేది. ఆ రెండింటి మధ్య చిన్న ఖాళీ, ఆ ఖాళీ కింద ఈ రంధ్రం. నీళ్ల సీలు అరిగిపోతే నీళ్లు ఆ దారిన బయటపడి, నన్ను మార్చండి అని చెబుతాయి. ఆ నోరు మూస్తే నీళ్లు ఆగవు, రెండో సీలును నెట్టుకొని ఇంజన్లోకి పోతాయి.

ఆయిలు కొలిచే కడ్డీ పైకి లాగాను. దానికంటుకొని వచ్చింది ఆయిలు కాదు, ఛాయ్. పాలెక్కువ పోసిన ఛాయ్ లాగా తెల్లగా, చిక్కగా, నురగతో.

నేను నోరు తెరిచాను. తెరిస్తే మూయడం నాకు కష్టమని మా ఇంట్లో అందరికీ తెలుసు. "ముట్టద్దని చెప్పిన్నా లేదా? రోగమొకటైతే మందొకటి పెడతవా? ఇంకొక్క మాటు తోలితే బేరింగులు పోయి ఇంజను తుక్కుకు పోతుండె. అక్క వంతు పోవాల్నని కావాల్నని జేసినవా ఏంది?" అని గట్టుమీదికి అరిచాను. పక్క పడవలవాళ్లు వలలు బాగుచేయడం ఆపి విన్నారు.

బావ హుషారంతా దిగిపోయింది. మెల్లగా, "కావాల్నని జేస్తనా మరదలా? పడవల నీళ్లు కారుతాన్నయంటే జనం బుగులు పడతరు. సూపు లేనోని పడవకు చిల్లు గూడ పడ్డదని నవ్వుతాండ్రు. గందుకే మూసిన," అన్నాడు.

అప్పుడు నాకు కోపం చల్లారలేదు గానీ, దాని పక్కనే బాధ కూడా వచ్చి కూర్చుంది. ఆ మనిషి మూయాలనుకున్నది పంపు చిల్లును కాదు, నలుగురి నోళ్లను. నేనంత మాట అనకుండా ఉండాల్సింది.

"ఇంజను బతుకుతదా?" అంది అక్క.

"బతికిస్త. పొద్దూకెలోపల."

అక్క చీరకొంగు నడుముకు దోపింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ రోజు ఆ పడవలో మొండివాళ్లం ఇద్దరం ఉన్నాం.

పంపు విప్పే ముందు పడవ అడుగున ఏటి నీళ్లు లోపలికొచ్చే వాల్వు కట్టేయాలి. లేకపోతే పంపు ఊడదీసిన దారినే గోదావరి పడవలోకి వస్తుంది. వాల్వు ఇంజను కింద చీకట్లో ఉంది. నేను టార్చి వెతుక్కుంటూ ఉండగానే బావ గట్టు దిగి వచ్చి, బోర్లా పడుకొని, చెయ్యి లోపలికి పోనిచ్చి తిప్పేశాడు. మళ్లీ గట్టెక్కి కూర్చున్నాడు.

నాలుగు బోల్టుల్లో మూడు మర్యాదగా వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాని తల విరిగితే ఇక సంత లేదు, వంతు లేదు. డీజిల్ పోసి నాననిచ్చాను. సుత్తితో చిన్నగా చుట్టూ కొట్టాను. పానాతో వదులు చేయబోతే రాలేదు, బిగించబోతే వెంట్రుకవాసి కదిలింది. కొంచెం బిగించడం, కొంచెం వదలడం, మళ్లీ డీజిల్, మళ్లీ సుత్తి. ఎండ నెత్తిమీదికొచ్చింది. అక్క గొడుగు పట్టుకోలేదు, నీళ్లు తాగమని అడగలేదు, నా చేతికి ఏది కావాలో అది అందిస్తూ నిలబడింది. చివరికి అది కీచుమని మూలిగి తిరిగినప్పుడు మేమిద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

కొత్త పంపుతో, అతుకు కారకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ పంపలేదు కాకినాడ మహానుభావుడు. ఇంట్లో దూలం సందులో గుచ్చిన పెళ్లికార్డులుంటే, అందులో మందంగా ఉన్నది ఒకటి తెమ్మని అక్కతో అన్నాను. దాన్ని ఇంజను ముఖానికి ఆనించి సుత్తితో తడితే అంచులు అచ్చుపడ్డాయి. కత్తెరతో కత్తిరించి గ్రీజు పూశాను. "ఎవలి పెండ్లిదే?" అని గట్టుమీది నుంచి బావ అడిగాడు. "మీ పాలోని కొడుకుది," అంది అక్క. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

పంపు లోపల రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. రెక్కలన్నీ తిరిగే వైపుకు తగ్గట్టు వంగి కూర్చోవాలి. వాటికి సబ్బు రాసి, తిప్పుతూ లోపలికి నెట్టి, మూత బిగించాను. ఆ ఛాయ్‌నంతా తోడి పారబోసి కొత్త ఆయిలు పోశాను. కాసేపు నడిపి అదీ తీసేసి మళ్లీ కొత్తది పోయాలి, లోపల ఇంకా తడి ఉంటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గొణుక్కుంటూనే చేశాను.

"ఒక్కసారి నీళ్లు బంద్ ఉండంగనే స్టార్ట్ చేసి సూడరాదు. ఇంజను పలుకుతదో లేదో ఎర్కైతది," అన్నాడు బావ. పంపుసెట్టు ఉన్న ప్రతి రైతు నా దుకాణంలో అనే మాటే ఇది.

"నీళ్లు లేకుంటె రబ్బరు కాలి బొగ్గైతది. నువ్వు జర ఊకో బావా."

వాల్వు తెరిచి అక్క హ్యాండిల్ తిప్పింది. ఇంజను దగ్గింది, తుమ్మింది, అందుకుంది. నేను పడవ పక్కకు వంగి పొగగొట్టం వైపు చూశాను. పొగతో పాటు నీళ్లు బయటికి పడాలి. పొగ వస్తోంది. నీళ్లు లేవు. ఇంకాసేపు చూశాను, లేవు. "బంద్ జెయ్!" అని అరిచాను.

రెక్కలు తిరగేసి పెట్టానా, గొట్టం గాలి పీలుస్తోందా, కార్డు గ్యాస్కెట్ దారి మూసిందా అని ఒక్కొక్కటే తడుముకుంటూ క్లాంపులు బిగించాను. మళ్లీ మొత్తం విప్పాలి కాబోలు అనుకుంటున్నాను. అక్క గొట్టంమీద అరచెయ్యి పెట్టి చూసింది. "పంపు మంచిగనే గుంజుతాంది. గొట్టం లోపలికి నొక్కుకపోయింది సూడు. అడుగున ఏదో పట్టింది," అని నేను ఔననేలోపలే నీళ్లలోకి దిగి పడవ కిందికి మునిగింది. పైకొచ్చి ఊపిరి పీల్చుకొని మళ్లీ మునిగింది. రెండోసారి లేచినప్పుడు చేతిలో నాచుతో మెలేసుకున్న నైలాన్ వలముక్క ఉంది. దాన్ని గట్టుమీదికి విసిరితే బావ కాళ్ల దగ్గర పడింది. ఆయన వంగి తడిమి చూశాడు.

ఈసారి ఇంజను అందుకోగానే పొగగొట్టం నీళ్లు ఉమ్మడం మొదలుపెట్టింది. అంత అందమైన ఉమ్మిని నేను చూడలేదు. పంపు మెడ కింద వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది. ఆయిలు రెండోసారీ మార్చి, కడ్డీ పైకి లాగితే తేనెరంగులో మెరిసింది. పొద్దింకా వాలలేదు. తడిబట్టలతోనే అక్క నన్ను గట్టిగా పట్టుకుంది. మాకిద్దరికీ పని అయిపోయిందనిపించింది. ఎంత అమాయకులం!

తెల్లారి రేవులో జనం నిండారు. టిఫిన్ డబ్బాలు చేతపట్టుకున్న మిరప కూలీలు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆవలి ఒడ్డున సంతకు రావలసినవాళ్లు మూటలతో చుక్కల్లా కనిపిస్తున్నారు. పాలోడు తన కొత్త పడవ ఇంజను ముందే నడిపి పెట్టుకొని, మా పడవ పక్కకే తెచ్చి ఆపాడు. రేవు పెద్దమనిషి రాయిమీద కూర్చొని చూస్తున్నాడు. అక్క చుక్కాని దగ్గర నిలబడి, "రాండ్రి, ఎక్కుండ్రి," అని పిలిచింది.

ఒక్కరూ కదల్లేదు.

మగవాళ్లు ఎక్కకపోతే ఒక లెక్క, ఆడవాళ్లు కూడా పాలోని పడవ వైపే చూస్తుంటే నా నెత్తిలో ఏదో పేలింది. "తోటల ఏరేది మీరే, మూటలు మోసేది మీరే. ఆడమనిషి చుక్కాని పడితే గోదావరి మింగుతదా? సిగ్గుండాలె!" అని లంకించుకున్నాను. దాంతో కాస్త మెత్తబడ్డవాళ్లు కూడా రెండడుగులు వెనక్కి వేశారు. ఒక ముసలామె, "మునుగుతదని గాదు బిడ్డా. తొలి వంతు ఆడిది దాటిస్తె ఏమైతదో ఎవలకెర్క?" అంది.

"నువ్వు ఊకో చెల్లె," అంది అక్క నాతో. తర్వాత పెద్దమనిషి వైపు తిరిగి, "పెద్దయ్యా, తొలి వంతు పడవ ఆవలికి దాటాలె, గంతే గదా కట్టుబాటు? మనుషులెక్కాల్నని లేదు గదా?" అని అడిగింది. ఆయన ఆలోచించి, లేదన్నట్టు తలాడించాడు. "అయితే ఖాళీగనే పోత," అంది.

తాడు తానే విప్పుకుంది. ఇంజను అందుకుంది. గడతో ఒడ్డును నెట్టింది. పడవలో ఆమె తప్ప ఎవరూ లేరు. కట్టుబాటు నిలబడుతుంది, నిజమే. కానీ ఇవాళ ఖాళీగా దాటిన పడవను రేపు ఎవరెక్కుతారు? ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమె వీపు చూస్తే నాకు తెలిసింది.

అప్పుడే నా పక్క నుంచి బావ నీళ్లలోకి దిగాడు. లుంగీ పైకెత్తి, మోకాలిలోతు దాటి, చేతులు చాపి తడుముకుంటూ పోయి పడవ అంచు పట్టుకున్నాడు. ఆపుతాడనుకున్నాను. అక్క కూడా అదే అనుకున్నట్టుంది, "ఇడువు," అంది, బతిమాలినట్టు కాదు.

ఆయన విడవలేదు. అంచుమీది నుంచి కాలు లోపలికి వేసి ఎక్కాడు. ఎక్కి చుక్కాని వైపు పోలేదు. చేతులతో వెతుక్కుంటూ నడుమ ఉన్న బల్ల దగ్గరికి పోయాడు, జనం కూర్చునే బల్ల దగ్గరికి. అక్కకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ బల్లమీద కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక ముందుకు చాపి, మళ్లీ ముడుచుకున్నాడు. చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను నలుగురూ ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాను.

బావ తల తిప్పకుండా, రేవంతా వినేటట్టు, పడవ ఎక్కినవాళ్లు పడవ నడిపేవాళ్లతో అనే మాటే అన్నాడు.

"ఎక్కిన. ఇగ పోనియ్."

అక్క పోనిచ్చింది.